గంజి పెట్టిన ఓడ

కొయ్య ఓడలు కట్టడానికి ఓపిక ఒక్కటుంటే చాలని చెప్పినవాడెవడో గానీ వాడు ఒక్క ఓడైనా కట్టి ఉండడు. ఓపిక లేకపోతే చెక్క విరుగుతుంది. ఉన్నా విరుగుతుంది. నా చేతిలో అయితే ఎటు పట్టుకున్నా విరిగింది.

సముద్రంలో పోయే ఓడల సంగతి కాదు నేను చెప్పేది. మోచేతి పొడవు ఉంటాయి ఇవి. పెద్ద హోటళ్ళ వాకిట్లో, ఆఫీసుల్లో అద్దాల పెట్టెలో పెట్టి ఉంటారు చూడండి, తెరచాపలు, తాళ్ళు, నిచ్చెనలతో సహా, అవి. కనకమ్మ సత్రం అనే ఊరు దాటగానే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో వాటిని చేసి చెన్నైకి పంపుతారు. షెడ్డు ఓనరు మా పక్క తెలుగాయనే. వయసులో నాకన్నా చిన్నవాడు. అయినా అక్కడ అందరూ అన్న అంటారు కాబట్టి నేనూ అన్నా అనే పిలిచాను.

ఆ షెడ్డు మెట్లు ఎక్కడానికి నాకున్న కారణం మా అమ్మ. తిరుత్తణి అవతల మా పల్లెలో మరమగ్గాలు పాత ఇనుము కింద పోయి, ఇల్లు కూడా వేరేవాళ్ళ చేతికి వెళ్ళాక అమ్మను తిరువళ్ళూరులో మా ఇంటికి తెచ్చుకున్నాను. అప్పుడు నేను ఒక కంపెనీలో వైర్లకు క్లిప్పులు బిగించే పని చేసేదాన్ని. ఒకరోజు నేను షిఫ్టులో ఉండగా అమ్మ లేచి బస్టాండుకు నడిచి తిరుత్తణి బస్సెక్కేసింది. అక్కడి నుంచి ఎట్లా పోయిందో పల్లెకు పోయి, మా పాత ఇంట్లో ఉన్నవాళ్ళను "ఎవురు మీరు? మా ఇంట్లో ఏం చేస్తా ఉండారు?" అని నిలదీసిందట. పాపం వాళ్ళు మంచివాళ్ళు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మాకు ఫోన్ చేశారు.

ఆ తర్వాత షిఫ్టుకు పోయేటప్పుడు బయట తాళం వేసి పోవడం మొదలుపెట్టాను. మా ఆయన లోడు ఆటో నడుపుతాడు, పగలంతా రోడ్డు మీదే ఉంటాడు. కన్నతల్లిని లోపల పెట్టి తాళం వేసి, తాళంచెవి బ్యాగులో వేసుకుని కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చునే ఆడదాన్ని నేను. నా మీద నాకే అసహ్యం వేసేది. ఇంతలో మా లైను మూసేసి మమ్మల్ని కొన్నాళ్ళు ఇంట్లో ఉండమన్నారు. మళ్ళీ పిలుస్తామన్నారు. వాళ్ళు పిలిచేలోపు ఇంట్లో కూర్చుని చేసే పని ఏదైనా దొరకాలి, లేకపోతే మళ్ళీ ఆ తాళమే.

ఓడల షెడ్డులో అట్లాంటి పని ఒకటి ఉంది. చెక్క పనంతా షెడ్డులోనే జరగాలి. తాళ్ళు కట్టే పని మాత్రం ఇంటికి తీసుకుపోవచ్చు. అంతకుముందు అది చేసే ఆమె కూతురి కాన్పుకని ఊరికి పోయి తిరిగి రాలేదు. నేను పోయి అడిగితే అన్న నన్ను పైకీ కిందకీ చూసి, "మీది నేసే వాళ్ళ ఇల్లే గదక్కా? అయితే నూలు పని నీకు నేర్పించేది ఏముండాది?" అన్నాడు. నేను పొంగిపోయాను. ఆ వెంటనే, "అయినా ఒక ఓడ అడుగు నుంచి నువ్వే కట్టల్ల. ఓడ తెలియకుండా తాడు కడితే ఏదో ఒక పక్కకి లాగేస్తాది. అది నిలబడితే తాళ్ళ పని నీదే" అన్నాడు.

సరే అనుకున్నాను. నేను షెడ్డుకు పోయిన పూటల్లో, కొన్నాళ్ళకైతే, అమ్మను కనిపెట్టుకుని ఉంటానంది పక్కింటామె. ఎంత పని, బొమ్మ ఓడే కదా.

ఓడకు ముందు వెన్నెముకలాగా ఒక దూలం, దానికి అడ్డంగా పక్కటెముకలు నిలబెడతారు. వాటి మీద సన్నటి చెక్క పట్టీలు ఒకదాని పక్కన ఒకటి అంటించుకుంటూ పోవాలి. పట్టీని వేడినీళ్ళలో నానబెట్టి మెల్లగా వంచాలి. తొందరగా తీస్తే టక్కుమని విరుగుతుంది, మరీ నానితే పోగులు లేస్తాయి. ఎప్పుడు తీయాలని అడిగితే అన్న "చేతికే తెలుస్తాదక్కా" అంటాడు. నా చేతికి తెలియలేదు. నా చేతికి తెలిసిందల్లా బంక వేళ్ళకు అంటుకుంటే తోలు ఊడి వచ్చేదాకా వదలదని. ఆ వేళ్ళతోనే రాత్రికి అన్నం కలుపుకుంటుంటే మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయేవాడు. "మెరీనా బీచిలో చెప్పులు చేత పట్టుకోని గట్టున నిలబడిన ఆడది, ఓడలు కడతాదంట" అనేవాడు. నిజమే, అలలోకి దిగమంటే చీర తడుస్తుందని దిగలేదు నేను. దానికీ దీనికీ ఏం సంబంధం?

పట్టీలు అటొకటి ఇటొకటిగా అంటించాలని ఎవరూ నాకు గట్టిగా చెప్పలేదు. చెప్పే ఉంటారు, నేను విని ఉండను. ఎడమ పక్క చేయి బాగా సాగుతోందని ఆ పక్కంతా ఒక్క ఊపున పూర్తి చేసేశాను. మర్నాడు పోయి చూస్తే దూలం ఆ పక్కకే వంగి ఓడ అరటికాయలాగా తిరిగిపోయి ఉంది. అన్న దాన్ని బల్ల మీద పెట్టి వేలితో తోశాడు. అది గుండ్రంగా తిరిగింది. "ఇది యాడికి పోయినా మళ్ళా సత్రానికే వస్తాదిలే" అన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు. నేను చెక్కంతా పీకి మళ్ళీ మొదలుపెట్టాను. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. అంత చిన్న చెక్కముక్క, అంత మొండితనం!

ఎట్లాగో డొక్క పూర్తయింది. అరగదీశాను, రంగు వేశాను, మధ్యలో తెరచాప కొయ్యలు నిలబెట్టాను. నాకు కావలసింది దాని తర్వాతే మొదలవుతుంది. నూలు. దాని దగ్గర నన్ను చూసి ఎవరూ నవ్వలేరనుకున్నాను.

కొయ్య పై కొస నుంచి ఓడ అంచు దాకా రెండు పక్కలా లావు తాళ్ళు దిగుతాయి. నావికులు పైకెక్కడానికి వాటి మీద అడ్డంగా సన్నటి దారాలు కట్టి నిచ్చెన చేయాలి. ప్రతి తాడు దగ్గరా ఒక ముడి. ముడి కొంచెం బిగిస్తే తాళ్ళన్నీ లోపలికి గుంజుకుంటాయి, వదులు చేస్తే మెట్టు ఉయ్యాలలాగా వేలాడుతుంది. పైగా ఆ నూలుకు నిండా నూగు. ముడి వేసినచోటల్లా గొంగళిపురుగు కూర్చున్నట్టు కనిపించేది. ఇంటికి తెచ్చుకుని కట్టాను, విప్పాను. కట్టాను, కత్తిరించి పారేశాను. "ఓడకి నడుము బాగా వచ్చిందే" అన్నాడు మా ఆయన. ఆయన మీదికి కత్తెర విసరనందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను.

అన్న మైనం ముద్ద ఒకటి ఇచ్చి, దారాన్ని దాని మీద రుద్ది, ముడి మీద నీళ్ళ బంక చుక్క పెట్టమన్నాడు. నాకు నచ్చలేదు. నూలుకు మైనమేమిటి? కొవ్వొత్తి వత్తి అనుకున్నాడా? ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. నేను మాత్రం మద్దెల పక్కన పెట్టి మైనాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

అమ్మ అప్పటికి చాలా రోజులుగా గోడవైపు తిరిగి కూర్చునేది. పెడితే తినేది, అడిగితే చెప్పేది. ఆ సాయంత్రం ఉన్నట్టుండి నా పక్కకు జరిగి, నేను విసిరేసిన దారం తీసుకుని, రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"పచ్చి నూలు మే ఇది. గంజి తాపకుండా ఎవురన్నా ముడి ఎత్తుకుంటారా?"

నేను ఆమె మొహం చూశాను. మా వీధిలో ఎవరు పడుగు సాగదీసినా గంజి పెట్టడానికి మా అమ్మనే పిలిచేవాళ్ళు. తెల్లవారుతుండగానే వీధి పొడవునా నూలు పరిచి, కుంచెతో గంజి రాసుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేది. ఎండ ముదరకముందే ఆరాలి, పోగు పోగుకూ అంటకూడదు. మగవాళ్ళు కూడా ఆమె చెప్పినట్టు పక్కకు తప్పుకునేవాళ్ళు. అమ్మ గంజి పెట్టిన నూలు మగ్గం మీద తెగదని పేరు.

"పెడతావా మా?" అన్నాను.

లేచి వంటింట్లోకి పోయింది. మా ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ పొయ్యి దగ్గరికి తనంతట తను పోవడం అదే మొదలు. బియ్యప్పిండి కలిపింది, ఉండ కట్టకుండా తిప్పింది, దించాక కొబ్బరి నూనె చుక్కలు వేసింది. దారాన్ని అందులో ముంచి, వేళ్ళ మధ్య పిండి, పెరట్లో దండెం తీగకు బిగించి కట్టి, ఆరేదాకా పక్కనే నిలబడింది. నూగంతా అణిగి దారం తీగలాగా నిలబడింది. ముడి వేస్తే వేసినచోటే కూర్చుంది. మెట్టు వేస్తే గీత గీసినట్టు వచ్చింది. నాకు నవ్వాగలేదు.

ఆ రోజు నుంచి అదే మా సాయంత్రం. అమ్మ గంజి కాస్తుంది, నేను కడతాను. "ఇంగా కావల్నా? రేపటికి కలపనా?" అని అడిగేది. పొద్దున లేవగానే పిండి డబ్బా చూసుకునేది. పల్లె పేరు ఎత్తడం తగ్గింది. మైనం ముద్దను నేను అలమర వెనక్కి తోసేశాను.

ఓడ పూర్తయి షెడ్డుకు తీసుకుపోతే అన్న నిచ్చెనను వేలితో మీటి చూశాడు. "అదీ నేసే చెయ్యి అంటే" అన్నాడు. నేను గంజి సంగతి చెప్పలేదు. ఇంటి విద్య కదా, ఎందుకు చెప్పాలి? దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి బిగించి, చెన్నై బండి వచ్చేదాకా మూల బల్ల మీద ఉంచాడు. బండి వెళ్ళాక నాకు ఇంటికి పని పంపుతానన్నాడు.

ఇంతలో ఐప్పసి వాన, దీపావళి నెల వాన, పట్టుకుంది. మా పక్క ఆ వాన పట్టుకుంటే విడిచేది కాదు. రోడ్డు మీద నీళ్ళు, బండి రాలేదు, షెడ్డు కూడా సరిగా తెరవలేదు. వాన తెరిపిచ్చాక అన్న ఫోన్ చేసి, "ఒకసారి రాక్కా" అన్నాడు. గొంతులో నవ్వు లేదు.

అద్దాల పెట్టె తెరవగానే పులిసిన గంజి వాసన గుప్పున కొట్టింది. తాళ్ళ మీద నల్లగా, తెల్లగా బూజు. నిచ్చెన మెట్లు తడిబట్టలు ఆరేసిన దండెంలాగా కిందికి జారిపోయి ఉన్నాయి. పెట్టె అడుగు చెక్కలో ఉన్న సందులోంచి దూరాయి కాబోలు, బొద్దింకలు సగం మెట్లు తినేశాయి. కొరికిన కొసలు గాలికి ఊగుతున్నాయి. ఒక బొద్దింక ఇంకా తెరచాప మీదే ఉంది, కదలను కూడా లేదు.

"ఏం పూసినావక్కా దీనికి?" అన్నాడు అన్న.

చెప్పాను. ఆయన ఒక మెట్టు కొస పట్టి లాగాడు, అది చేతిలోకి ఊడి వచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అని ఉందును.

"గంజి మగ్గానికి. బట్ట దిగినాక ఒక ఉతుకుకి పోయేది అది. దీన్ని ఎవురు ఉతుకుతారు? పెట్టెలో పెట్టి ఏళ్ళకేళ్ళు చూసుకునేది ఇది" అన్నాడు. తర్వాత, "డొక్క బాగానే కట్టినావు. తాళ్ళన్నీ పీకి మైనంతో మళ్ళా కట్టు. ఈసారి పోతే మాత్రం నన్ను అడగొద్దక్కా. వేరే ఆమెని చూసుకుంటా" అన్నాడు.

ఆ వారమే కంపెనీ నుంచి కూడా ఫోన్ వచ్చింది. నెల పోయాక లైను తెరుస్తారట, ఆలోపు జవాబు చెప్పాలట, బస్సు మా వీధి చివరికే వస్తుందట. ఆలోచించుకుని చెప్తానన్నాను.

ఇంటికి వచ్చి వాకిట్లోనే మా ఆయనకు అంతా చెప్పాను. చెప్పడమేమిటి, అరిచాను. బొద్దింకల మీద, వాన మీద, ఐప్పసి నెల మీద. ఆయన, "గంజి వద్దని మీయమ్మకి చెప్పేస్తే సరిపాయె గదా" అన్నాడు.

"ఎట్ల చెప్పేది? ఆ గిన్నె ఒకటే ఉండాది ఆమెకి. అది కూడా ఎత్తి పెట్టేసి మళ్ళా గోడ చూపించేదా?"

అమ్మ లోపల పడుకుని ఉంది. చెవులు కూడా కొంచెం మందగించాయని మా నమ్మకం.

నేను ఒక ఉపాయం ఆలోచించాను. ఇంట్లో అమ్మ గంజి పెడుతుంది. ఆ దారాన్ని షెడ్డుకు తీసుకుపోయి వేడినీళ్ళలో ఉతికి, ఆరబెట్టి, మైనం రుద్ది అక్కడే కట్టుకుంటాను. ఓడ అక్కడే ఉంచేశానని, పని అక్కడే చేయమన్నారని అమ్మకు చెప్పాను. "సరే, నూలు మాత్రం ఇక్కడ పెట్టు, నేను తాపి ఇస్తా" అంది.

ఆ ఉపాయానికి నన్ను నేను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో! వాన చెమ్మకు ఇంట్లో ఆరదని అమ్మ రోజూ దారాన్ని తడిగుడ్డలో చుట్టి వంటింటి గట్టు మీద పెట్టేది. పొద్దున ఆ మూటను అట్లాగే బ్యాగులో వేసుకుని బస్సెక్కేదాన్ని. కంపెనీకి జవాబు చెప్పాల్సిన రోజు దగ్గరపడుతోంది. షెడ్డులో మూట విప్పీ విప్పకుండా బకెట్లో గుమ్మరించి, కర్రతో తిప్పి తిప్పి ఉతికేదాన్ని. చేత్తో ముట్టుకోవాలంటేనే కోపం. ఉతికితే నూలు చిక్కుపడేది. చిక్కు తీయడానికే సగం పొద్దు పోయేది. ఆరాక మైనం రుద్దాలి. ఒకే దారానికి రెండు చాకిరీలు, అదీ ఎవరికీ చెప్పుకోలేని చాకిరీ. నూలు తెలిసిన ఇంటి బిడ్డనని గొప్పలు పోయినదాన్ని, దొంగలాగా బకెట్ ముందు కూర్చున్నాను.

మైనం మాట మాత్రం ఒప్పుకోవాలి. నూగు అణిగింది, ముడి కదలలేదు. నడుము సన్నబడకుండా నిచ్చెన దిగింది. అది కూడా నాకు కోపమే తెప్పించింది.

ఒకరోజు ఉతుకుతుంటే అన్న టీ గ్లాసుతో వచ్చి పక్కన నిలబడ్డాడు. బకెట్లోకి చూసి, "ఏంటికక్కా ఊరికే ఉతుకుతా ఉండావు? నీళ్ళు తాగొచ్చు మాదిరి ఉండాయే" అన్నాడు.

చూశాను. నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున బకెట్ గీతలు కనిపిస్తున్నాయి. గంజి నూలు ఉతికితే నీళ్ళు పాలలాగా అయిపోవాలి. పుట్టినప్పటి నుంచి చూసిన సంగతి అది. బ్యాగులో మిగిలిన మూట తీసి తడిగుడ్డ విప్పి దారాన్ని వేళ్ళతో నలిపాను. జిగట లేదు. వాసన చూశాను. కొబ్బరి నూనె లేదు, ఏమీ లేదు. పచ్చి నూలు. ఉట్టి నీళ్ళలో తడిపి చుట్టిన పచ్చి నూలు.

ఎన్నాళ్ళుగా ఇట్లా ఉందో నాకు తెలియదు. మొదటి రోజు నుంచీ, నేను వాకిట్లో అరిచింది లోపలికి వినబడిన రోజు నుంచీ కావచ్చు. ఇన్నాళ్ళూ నేను నీళ్ళను నీళ్ళతో ఉతికాను.

నాకు ముందు వచ్చింది కోపమే. ఇంత చాకిరీ చేయించావు కదమ్మా, ఒక్క మాట చెబితే ఏం పోయింది అనుకున్నాను. తర్వాత, ఆ మాట నేను మాత్రం చెప్పానా అనిపించింది. అన్న టీ గ్లాసు పట్టుకుని నా మొహం చూస్తూ నిలబడ్డాడు. కళ్ళల్లోకి మైనం పోయిందని చెప్పాను. మైనం కళ్ళల్లోకి పోదని ఆయనకూ తెలుసు.

ఓడ పూర్తయింది. మార్గళి, అదే ధనుర్మాసం, మొదట్లో ఇంకొక వాన కూడా చూసింది. పెట్టె తెరిస్తే మైనం వాసన తప్ప ఏమీ లేదు. తాళ్ళు ఎక్కడివక్కడ బిగుతుగా ఉన్నాయి. అన్న రెండు ఓడలు పాత పేపర్లలో చుట్టి నాకిచ్చి, "ఇంటికి ఎత్తుకోని పో. తాళ్ళ పని నీదే" అన్నాడు. బస్సులోనే కంపెనీకి ఫోన్ చేసి నేను రాను, వేరే ఎవర్నైనా పెట్టుకోండి అన్నాను.

ఇంటికి పోయేసరికి అమ్మ పొయ్యి ముందు నిలబడి గిన్నెలో గరిటె తిప్పుతోంది. ఉండ కట్టకుండా తిప్పే తీరే అది, మణికట్టు ఒక్కటే కదులుతుంది. నేను ఓడలు కింద పెట్టి, "పని దొరికిందిమా. ఇంట్లోనే" అన్నాను.

"నూలు నిలబడిందా?" అంది వెనక్కి తిరగకుండానే.

"నిలబడింది."

"నిలబడకుండా యాడికి పోతాది? గంజి పెట్టింది ఎవురనుకున్నావు?"

దగ్గరికి పోయి చూశాను. గిన్నెలో ఉట్టి నీళ్ళు కళపెళా మరుగుతున్నాయి. అమ్మ వాటిని తిప్పుతూనే ఉంది. "చూడు మే, చిక్కదనం చాల్నా?" అని గరిటె నా ముందుకు చాపింది.

నేను వేలు ముంచి, బొటనవేలితో నలిపి చూశాను.

"చాలుమా" అన్నాను.